ఒక పక్కే నూరిన కత్తి

జూన్ 2
ఎడమ చెయ్యి. ఫిజియో అమ్మాయి రోజూ ఏదో ఒకటి రాయమంది. రాశాను.

జూన్ 3
నా రాత చూసి మా ఆవిడ కోడి గీరినట్టుంది అంది. కోడికి రెండు కాళ్ళూ పని చేస్తాయి. నాకంటే నయం.

జూన్ 5
ఏం రాయాలో తోచకపోతే జరిగింది రాయండి అంది ఆ అమ్మాయి. జరిగింది ఇంతే. ఫిబ్రవరి పద్దెనిమిదిన పొద్దున్నే నర్సరీ షెడ్డులో నిలబడి టీ తాగుతుంటే గ్లాసు జారిపోయింది. ఎందుకు జారిందా అని వంగి చూశాను. వంగినవాణ్ణి లేవలేదు. కుడి పక్కంతా పోయింది. మాట నెల రోజుల్లో వచ్చింది. కాలు ఏప్రిల్ కల్లా వచ్చింది, ఈడుస్తూనైనా. చెయ్యి రాలేదు. మోచెయ్యి దాకా కొంచెం కదులుతుంది. ఆ కింద పిడికిలి బిగుసుకుపోయి ఉంది. ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు పొద్దస్తమానం అలాగే ఉంటుంది. స్పర్శ కూడా అంతంతమాత్రమే. రోజూ పొద్దున మా ఆవిడ ఒక్కొక్క వేలూ పట్టి లాగి, అరచెయ్యి తుడిచి, గోళ్ళు దిగకుండా లోపల చిన్న గుడ్డ చుట్ట పెడుతుంది. ఆ చుట్టని సాయంత్రం తియ్యాలన్నా ఆవిడే లాగాలి. ఒకసారి పట్టుకుంటే వదలదు.

నా పని మామిడి అంట్లు కట్టడం. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే.

ఆరు నెలల లోపు వచ్చిందే రాక, ఆ తర్వాత కష్టం అని ఆసుపత్రిలో చెప్పారు. అంటే ఆగస్టు పద్దెనిమిది దాకా టైముంది. బోలెడంత టైము.

జూన్ 8
నర్సరీకి వెళ్ళాను. మా ఆవిడ వద్దంది, వెళ్ళాను.

నా బల్ల దగ్గర చీమ కూర్చుని ఉంది. పేరు వేరే ఉంది, కానీ పొట్టిగా ఉండి క్షణం ఆగకుండా పని చేస్తుందని నేనే చీమ అన్నాను, అదే నిలిచిపోయింది. పదేళ్ళ కిందట నేను పని నేర్పిన మనిషి. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"కూర్చో బాబాయ్. ఇది నీ బల్లే. నేనేదో వెలుతురు బాగుందని..."

కిటికీ పక్క బల్ల అది. వెలుతురు బాగుంటుందనే నేనూ ముప్పై ఏళ్ళు అక్కడ కూర్చున్నాను.

యజమాని లోపలికి పిలిచి టీ ఇప్పించాడు. ఆయన మంచివాడు. మంచివాళ్ళతోనే కష్టం.

"చూడవయ్యా, వానలు మొదలయ్యాయి. ఆరు వేల టెంక మొక్కలున్నాయి కింద. నేను నీ కోసం ఆగినా అవి ఆగవు కదా."

"ఎడమ చేత్తో కడతానండి."

ఆయన నా చేతి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

"సరే. యాభై మొక్కలిస్తాను. సీజను అయ్యేలోపు సగం చిగురేస్తే ఆ బల్ల నీదే, ఎవరూ కదపరు. లేదంటే గేటు దగ్గర కుర్చీ ఉంది. వచ్చే బండి, పోయే బండి రాసుకోవడం. నిన్ను వదులుకునేది మాత్రం లేదు."

గేటు దగ్గర కుర్చీ. నేను కట్టిన చెట్లు ఎన్ని ఊళ్ళలో కాస్తున్నాయో నాకే తెలియదు. అవి బండెక్కి పోతుంటే నంబరు రాసుకోవాలట.

యాభైలో సగం ఇరవై అయిదు. మంచి రోజుల్లో నాకు నూటికి తొంభై నాలుగు బతికేవి. ఇరవై అయిదు నేను ఎడమ చేత్తో... అని రాయబోయాను. నిజంగానే ఎడమ చేత్తో కదా.

జూన్ 9
చేతకాలేదు.

జూన్ 10
నిన్న రాయడానికి మనసు రాలేదు. ఇప్పుడు రాస్తాను.

అంటు అంటే ఏముంది. టెంక మొక్క తల తీసేసి, మధ్యలోకి చీల్చాలి. మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్ల చివర రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దింపాలి. పైన ప్లాస్టిక్ పట్టీ చుట్టాలి. కొస చక్కగా రావడం ఒక్కటే విద్య. ఒక్క లాగుతో రావాలి, అద్దంలా చదునుగా రావాలి. పుల్లని చీలికలో పెట్టి వెలుతురుకేసి ఎత్తి చూస్తే మధ్యలో వెలుతురు కనపడకూడదు. కనపడిందా, లోపల గాలి ఉన్నట్టే, వారంలో పుల్ల ఎండిపోతుంది. నాకు పని నేర్పిన ముసలాయన ఇంతకుమించి ఏమీ చెప్పలేదు. "వెలుతురు కనపడిందా? పారెయ్." అంతే.

పోతూ పోతూ ఆయన తన కత్తి నాకిచ్చాడు. అదే నా కత్తి. "ఒక పక్కే నూరు. రెండో పక్క సానరాయికి ఆనిందో, నీ చెయ్యి విరగ్గొడతా" అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళూ ఒక పక్కే నూరాను.

నిన్న వడ్రంగిని అడిగి ఇనుప బిగింపు తెచ్చి బల్లకి బిగించాను. అందులో పుల్ల పెట్టి, ఎడమ చేత్తో కత్తి పట్టి లాగాను. కత్తి లోపలికి దిగలేదు, పైకి లేచింది. గట్టిగా ఒత్తాను, గరిటెతో తోడినట్టు గుంట పడింది. ఇరవై పుల్లలు పాడు చేశాను. బిగింపు పట్టుకి సగం పుల్లల బెరడు నలిగిపోయింది. వెలుతురుకేసి ఎత్తి చూస్తే తలుపు సందులోంచి వచ్చినట్టు వచ్చింది.

చీమ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బయట చూడటానికి ఏమీ లేదు.

తప్పు కత్తిది. పిడి లావు. కుడి చేతికి అరిగి అరిగి దాని వంపుకి తగ్గట్టు తయారైంది. ఎడమ చేతిలో కుదురుకోదు. కొత్త కత్తి కొంటాను, కొన్నాళ్ళ వాడకానికి. ఈ మాటే మా ఆవిడతో అంటే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అంది. నవ్వించడానికే అంది. నేను నవ్వలేదు.

జూన్ 12
హార్డ్‌వేర్ షాపులో గంటన్నర కూర్చున్నాను. ఎన్నాళ్ళకో ఒక పని మీద ఇంట్లోంచి బయటికొచ్చాను, బాగుంది.

అంటు కత్తులు రెండే రకాలున్నాయి. ఒకటి అద్దాల బీరువాలో ఉంది. చెక్క పిడి, ఇత్తడి మొలలు, మడత పెడితే టక్కుమని మూసుకుంటుంది. ధర అడిగాను. అడిగినందుకు షాపాయనకి నేనే సారీ చెప్పాలనిపించింది. పది రోజుల జీతం. రెండోది ఎర్ర ప్లాస్టిక్ పిడిది, డబ్బాలో గుట్టగా పోసి ఉన్నాయి. ఒక్క రోజు జీతం. ఇవి కాక కాగితాలు కోసే బ్లేడు కత్తి ఒకటి, అది టీ ఖర్చుతో వస్తుంది.

ఎర్రవాటిలో పదకొండు తెరిచి చూశాను. గోరుతో మీటి చప్పుడు విన్నాను. మడత దగ్గర వదులుందేమో చూశాను. పిడి సన్నగా ఉన్నది ఏరాను. అన్నీ చూశాను.

"ఎవరికి?" అన్నాడు షాపాయన.

"నాకే. కొన్నాళ్ళకి. కుడి చెయ్యి వచ్చేదాకా."

ఆయన నా పిడికిలి చూశాడు. "కొన్నాళ్ళకే అయితే ఇది చాలండీ" అని ఎర్రదాన్ని కాగితంలో చుట్టాడు. బ్లేడు కత్తి కూడా తీసుకున్నాను, ఉంటుందని.

జూన్ 14
ఎర్రదీ అంతే. పైకి లేస్తోంది.

జూన్ 15
బ్లేడు కత్తి. లోపలికి బాగా దిగింది, సంతోషించాను. సగానికి వచ్చేసరికి బ్లేడు వంగి కోత అలలు అలలుగా వచ్చింది. పుల్ల గట్టిది, బ్లేడు రేకు. దానికి కాగితాలే తగిన పని.

జూన్ 17
మంగలిని అడిగి పాత కత్తి ఒకటి తెచ్చాను. గడ్డం గీసేది. వాడూ వద్దన్నాడు, "అది మెత్తటి పనికి చేసింది" అని. వినలేదు. బిగింపులో పుల్లలు నలుగుతున్నాయని కుడి చేతిని బల్ల మీద పెట్టి దానికి ఆనించి కోశాను. నాలుగో పుల్ల ఎర్రగా కనపడింది. ఇదేం పుల్లరా, రంగు మారింది అనుకున్నాను. చీమ అరిచింది.

బొటనవేలి పక్కన అంగుళం మేర తెగింది. నాకు తెలియలేదు. నా చేతిని నేనే కోసుకుంటూ, రంగు బాగుందా లేదా అని చూస్తున్నాను.

మా ఆవిడ కట్టు కట్టింది. ఆ తర్వాత మంగలికత్తి మాయమైంది. ఎక్కడ దాచావంటే, "మీకెందుకు" అంది.

జూన్ 19
మళ్ళీ ఎర్రదే. ఏదో ఒకటి అలవాటు కావాలి కదా.

జూన్ 24
ఇరవై రెండు కట్టాను. వెలుతురు కనపడినవి కూడా కట్టేశాను. ముసలాయన ఉంటే ఏమనేవాడో తెలుసు.

ఒక వింత. పట్టీ ఎడమ చేత్తో చుడితే ఎదురు చుట్టు పడుతోంది. షెడ్డులో ఎవరు కట్టినా పట్టీ కుడి వైపుకి తిరుగుతుంది, నాది ఎడమకి. దూరం నుంచి చూసినా నా మొక్కలు తెలిసిపోతాయి. మా ఆవిడకి చెబితే "అయితే మీ సంతకం దొరికినట్టే" అంది.

జూన్ 27
యాభై అయ్యాయి. ఒక్కోదానికి నంబరు చీటీ కట్టి ఆకుపచ్చ నెట్టు కింద పెట్టాం. కోడి గీతలతో నేనే రాశాను నంబర్లు.

జులై 3
చూడలేదు.

జులై 7
నెట్టు దగ్గర దాకా వెళ్ళాను. తిరిగొచ్చాను.

జులై 9
ఫిజియో అమ్మాయి వేళ్ళు విప్పుతూ "నొప్పిగా ఉందా?" అంది. లేదన్నాను. ఉంటే బాగుండేది అంది.

జులై 15
ఇరవై ఆరు!

నాలుగుసార్లు లెక్కపెట్టాను. ఇరవై ఆరు పుల్లలకి చిగురు వచ్చింది. రాగి రంగు చిగురు, ముట్టుకుంటే తడిగా, పసిపిల్లల చెవుల్లా మెత్తగా ఉంది. కావలసినదానికంటే ఒకటి ఎక్కువే. యజమాని వచ్చి చూసి "అన్నాను కదవయ్యా" అన్నాడు. అప్పుడు ఏమన్నాడో నాకు గుర్తు లేదు, కానీ ఏదో అనే ఉంటాడు. చీమ బల్ల మీద నుంచి తన డబ్బా, నీళ్ళ సీసా తీసేసుకుంది. "నీ చోటు నీకే బాబాయ్" అంది. దాని కళ్ళలో నీళ్ళు. నా కళ్ళలో కూడా, కానీ నాకు రోగం వచ్చినప్పటి నుంచి ఊరికే వస్తున్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు.

మా ఆవిడకి ఫోను చేసి చెప్పాను. అవతల కుట్టుమిషను ఆగింది. "మంచిదండీ" అంది చివరికి. నెత్తిన పాలు పోసినట్టు ఉంటుందనుకున్నాను ఆ కబురు ఆవిడకి. మంచిదండీ అంది.

ముప్పై ఒక్క ఏళ్ళ పని ఊరికే పోతుందా. విద్య చేతిలో ఉండదు, బుర్రలో ఉంటుంది. ఏ చెయ్యి అయితేనేం.

బతికినవాటి పట్టీలు కుడి వైపుకి చుట్టి ఉన్నాయి. మొదట్లో అలవాటు లేక అటూ ఇటూ చుట్టి ఉంటాను.

జులై 16
అటూ ఇటూ చుట్టి ఉంటాను.

జులై 17
అన్నీ గుర్తుంటాయా? యాభై మొక్కలు. చుట్టే ఉంటాను.

జులై 18
ఎవరూ లేనప్పుడు బల్ల దగ్గర పట్టీ తీసుకుని కుడి వైపుకి చుట్టి చూశాను. ఎడమ చేత్తో. పది సార్లు. రెండో చుట్టుకే జారిపోతోంది. ఒక్కసారి కూడా పడలేదు.

ఎండిపోయిన ఇరవై నాలుగూ వెతికాను. అన్నీ ఎదురు చుట్టే.

జులై 19
చీమని బావి గట్టు దగ్గరికి పిలిచాను.

"ఎప్పుడు మార్చావు?"

అది దబాయిస్తుందనుకున్నాను. దబాయించినా బాగుండేది.

"జూన్ ఆఖర్లో బాబాయ్. నీ పుల్లలు నల్లబడటం మొదలయ్యాక. నేను కట్టినవి పెట్టి, నీ చీటీలు మార్చాను."

"ఎన్ని?"

"ఇరవై ఆరు."

"యాభైకి యాభై మార్చలేకపోయావా?"

"నువ్వు నమ్మవని." మళ్ళీ తనే అంది, "పిన్ని వచ్చి అడిగింది. నా చేతులు పట్టుకుంది బాబాయ్. నేనేం చెయ్యను?"

పట్టీ సంగతి తనకీ తట్టిందట. ఎదురు చుట్టు చుట్టబోయాను, నాకు చేతకాలేదు అంది.

అంటే యాభైలో నావి సున్నా.

జులై 20
రేపు యజమానికి చెబుతాను.

జులై 21
చెప్పలేదు. బల్ల దగ్గర కూర్చున్నాను. కిటికీలోంచి వెలుతురు బాగా వస్తోంది.

జులై 22
చెప్పాను.

ఆయన విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నాకెందుకు చెప్పావయ్యా?" అన్నాడు. "నేనడిగానా? ఇరవై ఆరన్నారు. సరే అన్నాను. అక్కడితో అయిపోయింది కదా."

ఆయనకీ తెలుసు. నాకు తప్ప అందరికీ తెలుసు. ఇంటిల్లిపాదీ కలిసి పిల్లాడికి మందు బెల్లంలో పెట్టి మింగించినట్టు.

"గేటు దగ్గర ఎప్పటి నుంచి రమ్మంటారు?" అన్నాను.

"ఒకటో తారీకు" అన్నాడు. ఈసారి నా చేతి వైపు చూశాడు.

జులై 23
ఇంట్లో మాటల్లేవు.

జులై 24
మాటల్లేవు. వేళ్ళు లాగుతుంది, తుడుస్తుంది, గుడ్డ పెడుతుంది. ఇద్దరం పిడికిలికేసి చూస్తాం.

జులై 25
అరిచాను. నా పరువు తీశావన్నాను. జాలి నాకొద్దన్నాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఆవిడ మిషను మీద తల పెట్టుకుని వింది.

"మీరు జూన్‌లో భోజనం దగ్గర కూడా లేచి నిలబడేవారు, కత్తి గురించి చెప్పడానికి" అంది. "ఫిబ్రవరి తర్వాత అంత మాట్లాడటం అదే మొదలు. అవి ఎండిపోతే మళ్ళీ ఆపేస్తారని భయమేసింది. అంతేనండీ. తప్పే."



జులై 29
ఇవాళ జరిగింది పూర్తిగా రాస్తాను.

పొద్దున్నుంచీ ఆవిడ పనులన్నీ ఎడమ చేత్తో చేస్తోంది. గరిటె ఎడమ చేత్తో, చీపురు ఎడమ చేత్తో. ఏమిటీ వేషం అంటే, "మీకెలా ఉంటుందో చూద్దామని" అంది. టీ సగం గ్లాసులో, సగం గట్టు మీద పోసింది. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. వారం తర్వాత.

మధ్యాహ్నం బట్ట కత్తిరించడానికి కూర్చుంది. పెద్ద కత్తెర ఎడమ చేత్తో పట్టుకుంది. కత్తెర కొయ్యలేదు, నమిలింది. బట్ట మడత పడి రెండు రేకుల మధ్య ఇరుక్కుంది. మళ్ళీ పట్టింది, మళ్ళీ నమిలింది. పాతికేళ్ళుగా కత్తెర పట్టిన మనిషి, కత్తెరకేసి అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, గూట్లోంచి నా కత్తి తీసుకొచ్చింది. ముసలాయన కత్తి.

"దీనికి ఒక పక్కే నూరారేం?"

"ఒక పక్కే నూరాలి."

"ఎందుకు?"

"నేర్పినాయన చెప్పాడు."

"ఎందుకని చెప్పాడు?"

చెప్పలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకి నెత్తి మీద మొట్టికాయ పడేది, అందుకని నేను అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో అడగలేదు.

ఆవిడ కత్తిని కుడి చేత్తో పట్టుకుని, ఒక చీపురు పుల్ల మీద పెట్టి, కళ్ళు చికిలించి చూసింది. చదునుగా ఉన్న పక్క పుల్లకి ఆనింది. ఎడమ చేతిలోకి మార్చింది. నూరిన పక్క, ఏటవాలుగా ఉన్న పక్క, పుల్లకి ఆనింది.

"చదునుది ఆనితే తిన్నగా పోతుంది. వాలుది ఆనితే పైకి లేవదూ? ఇది కుడిచేతి కత్తండీ. నా కత్తెర లాగే."

ఎర్ర కత్తి తెచ్చి చూశాం. అదీ ఒక పక్కే నూరి ఉంది, అదే పక్క. షాపులో పదకొండు తెరిచాను. పిడి చూశాను, మడత చూశాను, చప్పుడు విన్నాను. ఏ చేతిదో చూడలేదు. కత్తికి చెయ్యి ఉంటుందని నాకు తెలియదు. నా చెయ్యి కత్తికి సరిపోయినంత కాలం తెలియవలసిన అవసరం రాలేదు.

"మద్దెలే ఓడు" అంది మా ఆవిడ. ఇద్దరం నవ్వాం. చాలాసేపు నవ్వాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది. ఇది మాత్రం రోగం వల్ల వచ్చింది కాదు.

జులై 30
చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. సీజను ఇంకో మూడు వారాలు.

జులై 31
షాపాయన పుస్తకం తిరగేసి, ఎడమచేతి కత్తి ఉంటుందన్నాడు. తెప్పించాలి. అద్దాల బీరువా కత్తి ధరకి ఇంకో సగం కలపాలి. నెలన్నర పడుతుంది. అప్పటికి సీజనే ఉండదు.

అక్కడి నుంచి సాన పట్టేవాడి దగ్గరికి వెళ్ళాం. చక్రం ఆపకుండానే రెండు కత్తులూ చూశాడు. ఎర్రదాన్ని పక్కన పడేశాడు. "ఇది రేకు. ఇటు నూరితే అంచే ఉండదు." నా కత్తిని గోరుతో మీటాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇది ఇనుమంటే. ఇప్పుడు దొరకదు. వాలు ఈ పక్కకి మార్చి ఇస్తాను, అరగంట పని. టీ డబ్బులివ్వండి చాలు."

"మళ్ళీ కావాలంటే అటు మార్చొచ్చా?" అన్నాను.

అప్పుడు చక్రం ఆపాడు. "ముప్పై ఏళ్ళు అరిగిన కత్తి ఇది. ఒకసారి తిప్పడానికే ఉంది ఇనుము. తిప్పితే ఇక ఎడమచేతిదే. ఆలోచించుకుని రండి."

మా ఆవిడ నాకేసి చూసింది. ఆలోచించుకుని వస్తామన్నాను.

ఆగస్టు 1
గేటు. పదమూడు బండ్లు.

ఆగస్టు 3
టీ డబ్బులతో అయిపోయే పని. ఇంతకంటే చవగ్గా కత్తి ఎక్కడా దొరకదు.

పద్దెనిమిది దాకా ఆగితే ఏం పోయింది.

ఆగస్టు 6
వ్యాయామం రెండు పూటలా చేస్తున్నాను. ఇవాళ చూపుడు వేలు కదిలింది. మా ఆవిణ్ణి పిలిచేసరికి ఆగింది.

ఆగస్టు 7
కదిలింది. నేను చూశాను.

ఆగస్టు 9
చీమ భోజనాల వేళ గేటు దగ్గరికి వచ్చి కూర్చుంటోంది. ఇవాళ తన కత్తిని ఎడమ చేతిలోకి మార్చి పుల్ల చెక్కి చూసింది. గుంట పడింది. "అయ్యో బాబాయ్" అని మాత్రం అంది. ఎప్పుడైనా కట్టాలనిపిస్తే చెప్పు, పుల్లలు దాచిపెడతాను అంది. ఇరవయ్యో తారీకు తర్వాత మాత్రం పనికిరావు అంది. నాకు నేర్పుతోంది.

ఆగస్టు 12
కదిలిందని అనుకుంటాను.

ఆగస్టు 15
కుడి చేత్తో ఆ కత్తి పట్టుకుని చూశాను. అంటే, ఎడమ చేత్తో తీసి పిడికిలిలో ఇరికించాను. ఎంత గట్టిగా పట్టుకుందో. మా ఆవిడ వచ్చి తీసేదాకా అలాగే కూర్చున్నాను. అది నా కత్తేనని ఆ చేతికి ఇంకా గుర్తున్నట్టే అనిపించింది. అనిపించడానికేముంది.

ఆగస్టు 18
ఆరు నెలలు.

ఫిజియో అమ్మాయి కొలతలు తీసింది. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు. కాగితం మీద రాసుకుంది. తిన్నగా అడిగాను, "వస్తుందా, రాదా?" అని.

ఆమె కాగితం మడిచింది. "ఎడమ చేత్తో ఏమేం చేస్తున్నారు ఇప్పుడు?" అంది.

అదే జవాబు. చిన్నపిల్ల, నోటితో చెప్పలేకపోయింది. నేనూ రెండోసారి అడగలేదు. ఈ పుస్తకం చూపించాను. పేజీలు తిప్పి, "రాత ఎంత బాగుపడిందో చూశారా" అంది. చూశాను. బాగుపడింది. జూన్ రెండో తారీకు రాత నాకే అర్థం కావడం లేదు, ఇవాళ్టిది ఎవరైనా చదవగలరు. అది చూసి దుఃఖం ఆగలేదు.

ఆగస్టు 19
సాన పట్టేవాడు కత్తి చేతిలోకి తీసుకుని "ఏ చేతికి?" అన్నాడు. తెలిసీ అడిగాడు. పద్ధతి అది కాబోలు.

"ఎడమ" అన్నాను.

అరగంట అన్నాడు కానీ ఇరవై నిమిషాలే పట్టింది. నిప్పురవ్వలు చూస్తూ నిలబడ్డాను. మా ఆవిడ పక్కన నిలబడి నా కుడి చెయ్యి పట్టుకుని ఉంది. పట్టుకుందని చూస్తేనే తెలిసింది.

ఆగస్టు 20
ఆదివారమూ కాదు, సెలవూ కాదు, అయినా గేటుకి వెళ్ళలేదు. పొద్దున్నే చీమ అయిదు టెంక మొక్కలు, తడి గుడ్డలో పుల్లలు తెచ్చి మా మెట్ల మీద పెట్టి, టీ కూడా తాగకుండా పనికి పోయింది.

ఇనుప బిగింపు వడ్రంగికి ఎప్పుడో ఇచ్చేశాం. పుల్ల దేనితో పట్టుకోవాలో తెలియలేదు. తలుపు సందులో పెట్టాను, జారింది. మోకాళ్ళ మధ్య పెట్టాను, ఊగింది. మా ఆవిడ మిషను మీద ఉంది, పిలవబుద్ధి కాలేదు. అన్నిటికీ పిలుస్తున్నాను.

నా పిడికిలికేసి చూశాను. తర్వాత పిడికిలిలోంచి గుడ్డ చుట్టని పళ్ళతో లాగి పారేశాను. ఆ ఖాళీలో పుల్ల దూర్చాను.

పట్టుకుంది. బెరడు నలగలేదు, పుల్ల ఊగలేదు. ఆరు నెలలుగా విప్పడానికి నేను, మా ఆవిడ, ఆ అమ్మాయి పడని పాట్లు లేవు. దానికి పట్టుకోవడం ఒక్కటే వచ్చు. ముప్పై ఒక్క ఏళ్ళు కోసిన చెయ్యి ఇప్పుడు పట్టుకుని కూర్చుంది, రెండోది కొయ్యాలి.

చెయ్యి తెగకుండా పిడికిలి పైన గుడ్డ కప్పి, కత్తి పుల్లకి ఆనించాను. చదును పక్క ఆనింది. లాగాను. పైకి లేవలేదు. చెక్కు ఒక్కటే ముక్కగా లేచి నేల మీద పడింది. పిడికిలిని మోకాలికి ఆనించి తిప్పి రెండో పక్క లాగాను. అదీ అంతే.

చెక్కడం అయింది కానీ పుల్ల బయటికి రాలేదు. ఎంత లాగినా వదల్లేదు. చేసేది లేక పిలిచాను. ఆవిడ వచ్చి నా ముందు కూర్చుని, రోజూ పొద్దున లాగినట్టే ఒక్కొక్క వేలూ లాగి పుల్ల తీసింది. కొస ముట్టుకోవద్దన్నాను. టెంక మొక్క తల తీసి, చీల్చి, ఆ చీలికలో పుల్ల నేనే దింపాను. మొక్కని ఆవిడే రెండు చేతులతో కిటికీ వెలుతురుకేసి ఎత్తి, ఒక కన్ను మూసుకుని చూసింది.

"ఏమీ కనపడట్లేదండీ."

"సరిగ్గా చూడు."

"చూశాను. ఏమీ కనపడట్లేదు."

ఆవిడ పట్టుకుంటే పట్టీ చుట్టాను. ఎదురు చుట్టు.